ఓపిక పట్టమంటారు సరే, అదెక్కడ దొరుకుతుంది?

నువ్వు రాసింది రెండుసార్లు చదివినానప్పా. అనంతపురంలో మొబైల్ షాపు పెట్టి రెండేళ్లకే మూసేసినావు. 9 లక్షల అప్పు మిగిలింది. నాలుగు నెలల కింద నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినాయి. భార్య బిడ్డనెత్తుకుని పుట్టింటికి పోయింది. చుట్టాలు, స్నేహితులు అందరూ ‘ఓపిక పట్టు’ అంటున్నారు. ‘ఆ ఓపిక ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? దాటొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి’ అని అడిగినావు.

దాటొచ్చినోణ్ణే. మన అనంతపురం జిల్లా నార్పల పక్కన పల్లె మాది. అరవై ఏళ్లు నిండినాయి. సేద్యంలో మునిగి, ఊరు విడిచిపోయి, మళ్లీ వచ్చి అదే నేల మీద నిలబడినాను. పన్నెండేళ్లుగా మా చుట్టుపక్కల ఊర్లలో అప్పుల పంచాయితీలకు నన్ను పిలుస్తుంటారు. అప్పిచ్చినోణ్ణి, తీసుకున్నోణ్ణి ఒకే అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించడం నా పని. జీతం లేదు, కాఫీ ఉంటుంది. కాబట్టి ఇందులో సగం నా మీద పడింది, సగం కళ్లారా చూసింది.

ఓపిక పట్టమనేవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దు. ఏం చెప్పాలో తెలీక అంటారు పాపం. అయితే ఆ మాట పదిసార్లు వినేసరికి, అందరి ఇళ్లలో ఓపిక గరిసెల నిండా ఉన్నట్టూ, మన గరిసె మాత్రమే ఖాళీ అయినట్టూ అనిపిస్తుంది. నాకట్లే అనిపించింది. ఇన్నేళ్లలో నేను చూసిన గట్టి మనుషులెవరి గుండెలోనూ ప్రత్యేకంగా ఏమీ కనపడలేదు. వాళ్లకు పొద్దున్నే లేవక తప్పని పని ఒకటి ఉండింది. తలకాయలోని లెక్క కాగితం మీదికి ఎక్కి ఉండింది. ‘ఇంక చాలు’ అని చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండిరి. అంతే.

నా కథ చెప్తాను, అందులో నీకు పనికొచ్చేది ఏరుకో.

2002లో వానల్లేవు. మా జిల్లాకు మంచి ఏడాదిలోనే సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ సక్రమంగా పడదు. ఆ ఏడు శెనక్కాయ ఊడలు దిగే వేళకు బెట్ట పట్టింది. నువ్వు టౌన్లో పెరిగినట్టున్నావు, అందుకని చెప్తున్నా: శెనక్కాయ పువ్వు పైన పూస్తుంది, ఆ పువ్వునుంచి ఊడ దిగి నేలలో గుచ్చుకుంటేనే బుడ్డ, అంటే కాయ. పదును లేక నేల బిగుసుకుపోతే ఊడ దిగదు. చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. గట్టు మీద పోయేవాళ్లు ‘ఏమప్పా, పైరు బాగుంది’ అంటారు. పీకి చూస్తే కింద ఏమీ ఉండదు. ఆ రోజుల్లో నేనూ అట్లే ఉండినాను. తెల్లచొక్కా వేసుకుని పెళ్లిళ్లకు పోయి చదివింపులు రాయించి వచ్చేవాణ్ణి.

బోరు పడితే బతుకుతామనుకున్నాను. అప్పటికే నాలుగు వేయించి ఉన్నాను. మొదటిదాంట్లో ముక్కాలు ఇంచు నీళ్లు వస్తుండింది, మిగతా మూడూ దుమ్మే. 2003 ఎండాకాలంలో ఐదోది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగి, కాయ నిలబడిన చోట ‘ఇక్కడ రెండించులు గ్యారంటీ’ అన్నాడొకాయన. తిరుచెంగోడునుంచి వచ్చిన రిగ్గు బండి రాత్రి పదకొండుకు మొదలుపెట్టింది. అడుక్కి ఇంత అని రేటు. ఒక్కో రాడ్డు దిగేకొద్దీ మనిషి గుండెలో లెక్క నడుస్తుంటుంది, ఇది వేసినోళ్లకే తెలుసు. మూడొందల అడుగులు పోయింది. తెల్లటి రాతిపిండి లేచి మా తలల మీద, కానుగచెట్టు మీద, నిమ్మకాయ పెట్టి పూజ చేసిన రాయి మీద పడుతోంది. నాలుగొందలు. పిండిలో తడి లేదు. నాలుగొందల ఎనభై దగ్గర డ్రైవరు మిషను ఆపి, వచ్చీరాని తెలుగులో, ‘అన్నా, ఇంకా నూరు పోదామా?’ అన్నాడు.

‘పోనీ’ అని నా నోటిదాకా వచ్చింది. నా భార్య గట్టు మీద కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. లేచి వచ్చి డ్రైవరుతో నేరుగా, ‘ఇంక చాలు నాయనా, రాడ్లు పైకి తియ్యి’ అంది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి ఆ మనిషి మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పది మందిలో పరువు తీసిందనుకున్నాను. ఇంకో నూరడుగుల్లో నీళ్లున్నాయేమో, ఆమె వల్లే పోయినాయనుకున్నాను. ఆ అనుమానం తీరడానికి రెండేళ్లు పట్టింది. పక్క చేనాయన ఆరొందల యాభై దించినాడు, ఆయనకూ దుమ్మే వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన సీమలో మొండితనాన్ని గొప్పగా చెప్పుకుంటాం. ‘సీమోడు పట్టితే వదలడు’ అని మీసం తిప్పుతాం. ఐదో బోరు వేయించినప్పుడు నన్ను అందరూ గట్టోడన్నారు. రాడ్లు పైకి తీయించిన నా భార్యను ఎవరూ ఏమీ అనలేదు, మెచ్చుకోనూలేదు. నిజానికి ఆ రాత్రి ఓర్పు చూపించింది ఆమె ఒక్కతే. నేను చేసింది జూదం. పోయిన డబ్బు కళ్లముందు ఆడుతుంటే, దాన్ని పట్టుకోవడానికి ఉన్న డబ్బు కూడా విసిరేసినాను. నువ్వు షాపు మూసినందుకు సిగ్గుపడుతున్నట్టు రాసినావు. ‘ఇంకో ఆర్నెల్లు పట్టుబట్టి ఉంటే’ అని కూడా రాసినావు. ఆన్‌లైన్లో ఫోన్లు కొనే కాలంలో, నెలనెలా బాడుగ కట్టుకుంటూ, మూడు రూపాయల వడ్డీ డబ్బుతో నువ్వు ఇంకో ఆర్నెల్లు ఉండి ఉంటే ఈరోజు 9 కాదు, 12 అని రాసేవాడివి. నువ్వు రాడ్లు పైకి తీసినావు. మంచి పనే చేసినావు. ఆలస్యంగా చేసినావేమో, అది వేరే సంగతి.

ఆ తెల్లవారు జామున ఇంటికొచ్చి వరండాలో పడుకున్నాను. నిద్ర లేదు. పైన దూలం చూస్తూ ఉన్నాను. ఆ దూలాన్ని ఏ ఆలోచనతో చూసినానో నీకు చెప్పనక్కర్లేదు. ఐదుంబావుకి ఎనుము, అదే గేదె, అరిచింది. మాకు అప్పుడు ఒకే ఎనుము, పూటకు రెండు లీటర్లిచ్చేది. పొదుగు నిండితే దానికి నొప్పి. బోరు ఫెయిలైన సంగతి, సావుకారి సంగతి దానికేం తెలుసు? నేను లేచేదాకా అరుస్తూనే ఉంది. లేచి, చెంబు తీసుకుని, దూడను వదిలి, చేపుకొచ్చినాక కూర్చుని పిండినాను. చెయ్యి వణుకుతోంది. పాలు సెంటర్లో పోసి, టీ తాగి వచ్చేసరికి ఏడైంది. పొద్దు పైకొచ్చేసింది. ఏదో మారిందని చెప్పను, అప్పు అప్పుగానే ఉంది. కానీ ఒక రాత్రి దాటినాను. సాయంత్రం మళ్లీ అరిచింది.

మా యమ్మ 1952 కరువు చూసింది. అప్పటికి పదేళ్ల పిల్ల. సర్కారు పెట్టిన గంజి కేంద్రం దగ్గర సత్తు చెంబు పట్టుకుని వరుసలో నిలబడేదంట. ‘అంత కరువు ఎట్ల తట్టుకున్నారే?’ అని ఒకసారి అడిగితే ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. ‘తట్టుకునేదేంది రా? పొద్దున గంజి పోసేదాకా నిలబడితిమి. మల్లా మాపటికి నిలబడితిమి. కరువు పోయింది’ అంది. నాకు తెలిసి ఓపిక గురించి ఇంతకంటే సరిగ్గా చెప్పినోళ్లు లేరు. ఆ పిల్ల కరువంతా ఒకేసారి మొయ్యలేదు, పూటకొక చెంబెడు మోసింది. నువ్వు మాత్రం తొమ్మిది లక్షలను, నాన్న చెయ్యిని, బిడ్డ చదువును, ఐదేళ్ల తర్వాతి నీ ముఖాన్ని అన్నిటినీ రాత్రి రెండు గంటలకు ఒకేసారి ఎత్తాలని చూస్తున్నావు. లేవదప్పా.

అందుకే మొదట నీకొక ఎనుము కావాలి. నిజం ఎనుము కాకపోయినా, నీ మూడ్ ఎట్లుందో అడగకుండా వేళకు అరిచే పని ఒకటి. నువ్వు రాసిందాంట్లోనే అది ఉంది, నువ్వు చూసుకోలేదు. మీ నాన్న చెయ్యి. పక్షవాతం వచ్చినాక మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే శరీరం ఎక్కువగా తేరుకుంటుందని డాక్టర్లు చెప్తారు. ఆ తర్వాతా మెరుగవుతుంది, కాకపోతే నెమ్మదిగా. నీకు నాలుగు నెలలు అయిపోయినాయి. ఫిజియోథెరపీ ఆయన దగ్గర వ్యాయామాలు ఒకసారి సరిగ్గా నేర్చుకుని, పొద్దున ఆరున్నరకు ఒకసారి, సాయంత్రం ఒకసారి నువ్వే చేయించు. వేళ్లు ఒక్కొక్కటి తెరిపించడం, మోచెయ్యి మడిచి చాపించడం, బట్ట పిండించడం, మంచం మీద కూర్చోబెట్టి నిలబెట్టడం. బీపీ మాత్రలు ఒక్క పూట కూడా తప్పనీయొద్దు. ఆయన కోసమే కాదు, నీ కోసం కూడా, ఆ ఆరున్నర నిన్ను మంచంమీదనుంచి లేపుతుంది.

ఇక అప్పు. నాకు బాగా తెలిసిన సబ్జెక్టు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోవద్దు.

ఈ రాత్రి ఒక నోటుబుక్కు తీసుకో. ఫోన్లో రాయొద్దు, కాగితం మీద పెన్నుతో రాయి. ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, నోటు రాసిన తేదీ ఏది, సాక్షులెవరు, ఇప్పటిదాకా కట్టిందెంత. చేబదుళ్లు, చీటీపాట బాకీ, సరుకు తెచ్చిన హోల్‌సేల్ ఆయనకు ఇవ్వాల్సింది, భార్య గాజులు కుదువ పెట్టింది, అన్నీ. నన్ను 2003లో మా బావమరిది ఎంతుందని అడిగితే ‘రెండు లక్షలుంటుందిలే’ అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, అంతే అనుకున్నాను. ఆయన పక్కన కూర్చుని రాయించినాడు. 3,42,000 తేలింది. లక్షా నలభై రెండు వేలు నా తలలోనే దాక్కుని ఉండినాయి. విచిత్రం ఏందంటే, ఆ అంకె చూసిన రాత్రే నేను ఎన్నో నెలల తర్వాత పొద్దునదాకా నిద్రపోయినాను. లోపల గిరగిరా తిరిగే అప్పు కంటే కాగితం మీద కదలకుండా పడి ఉన్న అప్పు నయం.

రాసినాక వడ్డీని చూడు. నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికది 36 శాతం. లక్షకు ఏడాదికోసారి వడ్డీ అసల్లో కలిపి నోటు తిరగరాయిస్తే రెండేళ్లకు 1,84,960 అవుతుంది. ఆ తిరగరాయించే దగ్గరే మనవాళ్లు మునిగిపోతారు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు గడువు. అది దాటితే కోర్టులో దావా నిలవదు కాబట్టి, గడువు దగ్గరపడేసరికి అప్పిచ్చినోడు వచ్చి ‘కొత్త నోటు రాయి’ అంటాడు. అది అతని హక్కు, తప్పు పట్టను. తీసుకున్న అప్పు ఎగ్గొట్టమని కూడా నేను ఎవరికీ చెప్పను. కానీ వడ్డీ కలిపిన మొత్తానికి కొత్త నోటు రాసేముందు నలుగురిలో కూర్చుని మాట్లాడుకో. ఇచ్చిన ప్రతి పైసా నోటు వెనక చెల్లు రాయించు, తేదీతో. ఖాళీ నోటు మీద సంతకం ఎవరడిగినా పెట్టొద్దు, సొంత మేనమామ అడిగినా సరే.

ఎక్కువ వడ్డీది ముందు తీర్చు. బ్యాంకులో బంగారం మీద తెచ్చే అప్పుకు వడ్డీ చాలావరకు ఈ మూడు రూపాయల్లో మూడో వంతు కూడా పడదు. ఇంట్లో బంగారముంటే దాన్ని బ్యాంకులో పెట్టి ప్రైవేటు అప్పు దించుకోవడం తెలివైన పని. మీ యావిడ బంగారమైతే మాత్రం ఆమెను అడగకుండా బీరువా తాళం ముట్టుకోవద్దు, అసలే పుట్టింట్లో ఉంది. రోజువారీ కలెక్షన్ వాళ్ల దగ్గర తెచ్చి సావుకారికి కట్టడం, ఆ కలెక్షన్‌కు ఫోన్లో లోన్ యాప్ డబ్బు తెచ్చి కట్టడం ఈ రోజుతో ఆపెయ్. యాప్ వాళ్లు ఫోటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలకు పంపుతామని బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదివ్వు, డబ్బు మాత్రం పంపొద్దు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు.

ఇప్పుడు చాలామంది చెయ్యలేని పని. అప్పిచ్చినోడు నీ ఇంటికి రాకముందే నువ్వు వాళ్లింటికి పో. వడ్డీ వ్యాపారం చేసే ఏ మనిషికైనా డబ్బు ఆలస్యమవుతుందనే భయం రెండోది, నువ్వు కనపడకుండా పోతావనేది మొదటిది. ఫోన్ ఎత్తకపోతే ఆ భయం కోపమై వీధిలోకొస్తుంది. నేను మా సావుకారి ఇంటికి పోయినరోజు జేబులో ఎనిమిదొందలు మాత్రమే ఉండినాయి. గుమ్మంలోనే ‘ఏమప్పా, బోరు పోయిందంట కదా’ అన్నాడు. ఊరంతా తెలిసిపోయింది. ఆ ఎనిమిదొందలు చేతిలో పెట్టి, కాగితం ముందర పరిచి, ‘ఇదీ నా పరిస్థితి. నీ ఒక్కడిదే కాదు, ఇంత మందిది ఉంది. పారిపోను. ఈ పొద్దునుంచి వడ్డీ ఆపు, అసలు నాలుగేళ్లలో తీరుస్తా’ అన్నాను. ఆయన గంటసేపు తిట్టినాడు. తిట్టనీలే అని కూర్చున్నాను. తర్వాత కాఫీ తెమ్మన్నాడు. వడ్డీ పూర్తిగా ఆపలేదు, మూడునుంచి ఒకటికి దించినాడు. నేను చేసిన పంచాయితీల్లోనూ ఎక్కువసార్లు ఇట్లే జరుగుతుంది: కాగితం తెచ్చినోడికి ఏదో ఒక తగ్గింపు దొరుకుతుంది, వట్టి చేతులతో కన్నీళ్లు తెచ్చినోడికి దొరకదు. నువ్వొక్కడివే పోలేకపోతే నీ మాటా, వాళ్ల మాటా వినే పెద్దమనిషిని ఒకరిని వెంటపెట్టుకుని పో.

ఇంత చేసినా సంపాదన లేకుంటే తీరదు. నేను బెంగళూరు పోయినాను. మారతహళ్లి వైపు ఒక అపార్టుమెంట్లో వాచ్‌మన్. ఎనిమిదెకరాల ఆసామిని, చొక్కా మీద ఎవరి పేరో కుట్టిన యూనిఫాం వేసుకుని, పాతికేళ్ల పిల్లోడి కారుకు గేటు తీసి సెల్యూట్ కొట్టినాను. ఊర్లో మాత్రం ‘సూపర్‌వైజర్’ అని చెప్పుకున్నాను. ఒక ఉగాదికి మా ఊరి పిల్లోడే ఆ అపార్టుమెంటుకొచ్చి గేటు దగ్గర నన్ను చూసినాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వాడు ఏమీ అనకుండా, ‘పెదనాయనా, టీ తాగుదాం పా’ అన్నాడు. ఊర్లో ఎవరికీ చెప్పలేదు కూడా. ఆ రోజునుంచి నాకు ఆ సెల్యూట్ బరువు తగ్గింది. నువ్వు ‘ఓనర్‌గా ఉన్నవాణ్ణి, ఇంకొకరి షాపులో ఎట్ల పని చెయ్యను’ అని రాసినావు. చెయ్యి. ఫోన్ రిపేరు చేతిలో ఉన్న పని, అనంతపురం సాయినగర్ కాకపోతే తాడిపత్రి, తాడిపత్రి కాకపోతే బెంగళూరు. పక్క ఊరైతే మరీ నయం, తెలిసిన ముఖాలు తక్కువ.

నేను లేని మూడేళ్లు నా భార్య ఇల్లు నడిపింది. 2006 ఫిబ్రవరి 2న మా పక్కనే బండ్లపల్లిలో ప్రధాని వచ్చి ఉపాధి హామీ పథకం మొదలుపెట్టినాడు, దేశమంతటికీ మొదలు అక్కడే. మా ఊర్లలో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు, ‘కరువు పని’ అంటారు. ఆమె ఆ పనికి పోయింది, డ్వాక్రాలో పొదుపు కట్టింది, ఎనుమును అమ్మనీయలేదు. నేను తిరిగొచ్చినాక ఆ ముక్కాలు ఇంచు నీళ్లకే డ్రిప్పు వేసి రెండెకరాల చీనీ, అంటే బత్తాయి, పెట్టినాం. చీనీ చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అన్నాళ్లు ఏం తింటామని అడుగుతావేమో. సాళ్ల మధ్యలో శెనక్కాయ, అందులో కంది. మా తాతల కాలంలో ఎర్రనేలలో ఒకే పంట వేసేవాళ్లే కాదు. జొన్న, కంది, అలసంద, ఆముదం కలిపి గొర్రుతో విత్తేవాళ్లు. వాన ఆలస్యమైతే ఒకటి పోయేది, వేరు లోతుగా పోయే కంది, ఆముదం నిలబడేవి. పండిన ఏడాది జొన్నలు పాతరేసేవాళ్లు. వాళ్లకు మనకంటే గుండెధైర్యం ఎక్కువని మనం అనుకుంటాం. చేన్లో నాలుగు రకాలు, పాతరలో ఏడాది గింజలు ఉన్నోడికి ధైర్యం దానంతటదే వస్తుంది. ఒకే పంట, ఒకే షాపు, ఒకే పరీక్ష మీద బతుకంతా పెట్టినోణ్ణి ఓపిక పట్టమనడం అన్యాయం. రేపు నువ్వు మళ్లీ నిలబడినప్పుడు జీతమొకటి, సాయంత్రం రిపేరు పనొకటి, రెండు దార్లు పెట్టుకో.

జాతకాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కష్టంలో ఉన్నోడి ఇంటికి అప్పులోళ్ల తర్వాత వచ్చేది వాస్తు ఆయనే. నేనూ పావగడ శనిమహాత్మ గుడికి పోయినాను, నల్లనువ్వుల దీపం పెట్టినాను. మనసు కుదుటపడింది, బస్సు ఖర్చు తప్ప పోయిందేమీ లేదు. అయితే తలుపు తూర్పుకు మార్చమని, మెట్లు పగలగొట్టమని ఎవరైనా అంటే దండం పెట్టి పంపించు. అప్పు తెచ్చి శాంతి చేయించొద్దు.

ఇప్పుడొక మాట సూటిగా అడుగుతాను, కోపగించుకోవద్దు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదని రాసినావు. అన్నం సయించడం లేదన్నావు, బిడ్డ ఫోన్ చేసినా ఎత్తబుద్ధి కావడం లేదన్నావు. రెండు వారాలకు మించి రోజూ ఇట్లే ఉంటే అది ఓపిక చాలకపోవడం కాదప్పా, జబ్బు. టైఫాయిడ్ లాగా మందున్న జబ్బు. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని పో. మాత్రలిస్తే అవి పనిచేయడానికి రెండునుంచి నాలుగు వారాలు పడుతుంది, వారానికే ‘ఏం లాభం లేదు’ అని మానేయొద్దు. చచ్చిపోతే బాగుండనే ఆలోచన వస్తోందా? వస్తుంటే ఈ జవాబు చదవడం ఇక్కడే ఆపి 14416కు ఫోన్ చెయ్యి. టెలిమానస్ అంటారు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. నాకు ఆ వరండాలో అలాంటి నంబరు లేదు, ఎనుము ఉండింది. ఎనుము ప్రతిసారీ వేళకు అరుస్తుందని నమ్మకం లేదు.

పంచాయితీకని ఏ ఇంటికి పోయినా నేను మొదట చేసే పని ఒకటుంది. అప్పుల మాట ఎత్తకముందే ఆ ఇంటి ఆడవాళ్లను పక్కకు పిలిచి, చేనికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నాయో అడుగుతాను. ఆ పూటే వాటిని పక్కింటికో, మా ఇంటికో చేర్పిస్తాను. మనిషి మనసు గట్టిపడేదాకా అవి చేతికందే దూరంలో ఉండకూడదు. ఆ చెడ్డ గడియ చాలాసార్లు చాలా చిన్నది, అది దాటిపోతే మనిషి మిగులుతాడు. మీ ఇంట్లో అట్లాంటివి ఏమైనా ఉంటే, మీ యమ్మకో తమ్ముడికో చెప్పి ఈరోజే తీయించు. ఎందుకని అడిగితే నిజమే చెప్పు.

మీ ఆవిడ సంగతి మీ ఇద్దరిదీ, నేను దూరను. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆమెను తెచ్చుకోవడానికి పోయేటప్పుడు ‘అంతా సర్దుకుంటుంది’ అనే మాట తీసుకుపోవద్దు, అది ఆమె ఇప్పటికే చాలాసార్లు విని ఉంటుంది. ఆ నోటుబుక్కు తీసుకుపో. రాసిందంతా చూపించు, ఆమెకు తెలియకుండా తెచ్చినవి కూడా. ఆ రోజు గొడవవుతుంది. బహుశా రాదు కూడా. వారం ఆగి మళ్లీ పో, కొత్తగా రాయించిన చెల్లు ఒకటి చూపించడానికి. నా భార్యకు నేను నాలుగో బోరు సంగతి అప్పు తెచ్చినాక చెప్పినాను. ఐదోదానికి ఆమె గట్టు మీద కూర్చున్నది అందుకే.

సరే, చాలా రాసినాను, పొద్దుపోయింది. నువ్వు ఈ రాత్రి ఆ లెక్క రాయి. రేపు మీ నాన్న చెయ్యి పని అయినాక మొత్తం ఎంత తేలిందో ఇక్కడ పెట్టు, పేర్లు వద్దు, అంకెలు చాలు. ఎవరి దగ్గరికి ముందు పోవాలో అప్పుడు కూర్చుని చూద్దాం. నేను పాలు పోసొచ్చి ఏడున్నరకల్లా ఫోన్ చూస్తాను. తొమ్మిది లక్షలన్నావు గానీ, నాకెందుకో అది తొమ్మిది కాదనిపిస్తోంది.